పారయ్య వాటా

గుల్లలతిప్పలో మా చర్చి
బోర్లించిన నావలా ఉంటుంది.
లోపల ఎడంపక్క గూట్లో మోకాలెత్తు కొయ్యమనిషి.
చేతిలో శిలువ లేదు, పుస్తకం లేదు,
పార ఉంది.
యానాం నుంచి పడవలో తెచ్చి
ఫ్రెంచి ఫాదరెవరో చెప్పిన పేరు ఫోకాసు.
నోరు తిరక్క మావాళ్లు పొక్కాసయ్య అన్నారు,
అదీ బరువై పారయ్య అన్నారు.
గౌతమి తేమకి ఏటా పార కామ చివికిపోతుంది,
ఏటా కొత్త సరుగుడు కామ వేస్తారు.
మనిషి మాత్రం ఆ మనిషే.

కథ మా నాయనమ్మ సవేరమ్మ చెప్పేది
చింతపండు పిసుకుతూ,
ఏ రెండుసార్లూ ఒకేలా కాదు.
ఎక్కడో నల్లసముద్రం ఒడ్డున తోటమాలంట.
కంద, బచ్చలి, పొట్లపందిరి.
ఆ దేశంలో పొట్లకాయలుంటాయా అంటే
"లేకపోతే మనిషెలా బతుకుతాడే" అనేది.
ఓ సాయంత్రం రాజుగారి బంట్లొచ్చారు
దుమ్ముకాళ్లతో, ఆకలితో.
"ఫోకాసుని నరకాలి. ఎరుగుదువా?"
"ఎరుగుదునండి. పొద్దున్నే చూపిస్తాను.
ముందు కాళ్లు కడుక్కోండి."
కడుపునిండా పెట్టాడు. చాపలు పరిచాడు.
గురకలు మొదలయ్యాక
పార తీసుకుని పెరట్లోకెళ్లాడు.

ఇక్కడ మా తాత అడ్డొచ్చేవాడు.
జోజప్ప తాత ఊరి గోతులు తవ్వేవాడు,
ఆయన లెక్కలు ఆయనవి.
"మన నేలైతే మూడడుగులకే నీళ్లూరిపోవూ?
బురద ఎత్తిపోసుకుంటూ తవ్వాలి.
తెల్లారేలోగా ఒక్కడివల్ల కాదు.
ఆ నేల గట్టిదై ఉంటుంది, అంచులు నిలబడి ఉంటాయి."
ఆగి, బీడీ ఆర్పి,
"తన పొడుగు తనకెలా తెలుస్తుంది?
పడుకుని చూసుకుని ఉంటాడు."

నాకు అదొక్కటే గుర్తుండిపోయింది.
పడుకుని చూసుకున్నవాడు
లేచి, కాళ్ల దగ్గర ఇంకో జానెడు తవ్వడం.
పారిపోవడానికి రాత్రంతా ఉంది.
రేవులో పడవ ఉంది.
మధ్యలో ఒక్కసారి మాత్రం వెళ్లాడట,
పొట్లపాదుకి నీళ్లు పెట్టడానికి.

చద్దన్నం తిని మూతి తుడుచుకుని
"ఏడీ ఫోకాసు?" అన్నారు.
"నేనేనండి, ఆయ్."

మా పడవల్లో ఇప్పటికీ
వండిన కూట్లో ఒక వాటా ఎక్కువ.
నడిసముద్రంలో దాన్ని వేలం వేస్తారు,
రూపాయితో మొదలై బూతులతో పెరుగుతుంది పాట.
పాడుకున్నవాడు తింటాడు,
డబ్బు చుక్కాని దగ్గర సీసాలో పడుతుంది.
ఒడ్డు తగిలాక మొదట కనబడ్డ ఆకలిమనిషికి
ఊరూ పేరూ అడక్కుండా ఇచ్చెయ్యాలి.
ఒకసారి మా చిన్నప్ప మావయ్యే ఎదురయ్యాడు.
తల తిప్పుకుని చెయ్యి చాపాడు.

పోయిన వేసవిలో
రొయ్యల చెరువుల ఆసామి మనుషులు ముగ్గురు
టేపు పట్టుకుని మా దొడ్లోకొచ్చారు.
"సవేరమ్మ భూమి ఏదండి?"
నాయనమ్మ వాళ్లని చూసింది, ఎండని చూసింది.
"చూపిస్తాను. అన్నం తినెళ్లండి."
మట్టగిడసల పులుసు, బచ్చలి పప్పు.
మూడోవాడు, కుర్రాడు, మారడిగాడు.
చేతులు తుడుచుకున్నాక చెప్పింది:
"ఇదేనండి. సవేరమ్మని నేనేనండి, ఆయ్."

ఏమవుతుందనుకున్నారు?
కొలిచారు.
బచ్చలి మడి మీదుగా సున్నం గీత గీశారు.
ఉప్పు తిన్నవాళ్లే కదా
ఆనాడూ నరికింది.
కుర్రాడు మాత్రం టేపు కొస నొక్కిపెట్టి
గీత అయిపోయినా లేవలేదు.

ఇప్పుడక్కడ రాత్రంతా ఏరియేటర్ల చప్పుడు.
మొన్న పండగకి పారయ్య ముందు
ఎప్పట్లాగే అరిటాకు వేశాం.
ఆయనకే అనుకునేదాన్ని ఇన్నాళ్లూ.
"ఆయనకెందుకే, ఆయన పెట్టినవాడు" అంది నాయనమ్మ.
"ఇది నరికినోడికి.
బొమ్మ లేదు, పేరు లేదు, పండగా లేదు వాడికి.
ఆ ముద్ద ఎక్కడ అడ్డం పడిందో,
ఇంకా మింగుతూనే ఉంటాడు.
చెంబుతో నీళ్లు కూడా పెట్టు."